వెలిగే క్యూబులు, 3వ పాఠం: ఏ ముఖం ఏ ముఖానికి అంటినా షార్ట్ కాకుండా

పోయిన పాఠంలో 40 మిల్లీమీటర్ల క్యూబు ఒకటి చేశాం. లోపల ఏటీటైనీ85 చిప్, దాంతో తెల్లగా వెలిగే ఒక డబ్ల్యూఎస్2812బి ఎల్ఈడీ, చుట్టూ పాలరంగు అక్రిలిక్. కరెంట్ మాత్రం వైరుతో ఇచ్చాం. ఈసారి ఆ వైరు తీసేస్తున్నాం. ఒక్క క్యూబుకు కరెంట్ ఇస్తే దానికి అంటించిన ప్రతి క్యూబూ వెలగాలి, ఎటువైపు అంటించినా సరే. నా దృష్టిలో మొత్తం పాఠాల్లో ఇదే అసలైనది, అందుకే సాల్డరింగ్ ఐరన్ ఇప్పుడే వేడి పెట్టకండి, ముందు ఒక కాగితం, కత్తెర తీసుకోండి.

రెండు చతురస్రాలు కత్తిరించి, రెండింటిమీదా ఎడమపక్క ప్లస్, కుడిపక్క మైనస్ రాయండి. ఇప్పుడు రాసిన వైపులు ఒకదానికొకటి ఆనేలా మూసి, వెలుతురుకు పట్టి చూడండి. ఒకదాని ప్లస్ రెండోదాని మైనస్ మీద పడింది కదా! మనకు ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి చెయ్యి మన ఎడమ చేతికి ఎదురుగా ఉంటుంది, ఇదీ అంతే. అంటే క్యూబు ముఖాలన్నీ ఇలా ఒకేలా చేస్తే, అంటించిన మరుక్షణం షార్ట్.

ఇప్పుడు అవే కాగితాల మీద ప్లస్ బదులు అయస్కాంతం ఉత్తర ధ్రువం, మైనస్ బదులు దక్షిణ ధ్రువం రాసి మళ్ళీ మూయండి. ఉత్తరం మీద దక్షిణం పడింది, అంటే టక్కున అంటుకుంటాయి. అయస్కాంతానికి ఎదుటివైపు వేరే ధ్రువం కావాలి, కరెంట్‌కు ఎదుటివైపు అదే ధ్రువం కావాలి. రెండింటి అవసరాలూ పూర్తిగా ఎదురెదురు. ఇది అర్థమైతే ఈ పాఠం ముప్పాతిక అయిపోయినట్టే.

నాకు ఇది ముందు తెలియలేదు. నికెల్ పూత ఉన్న నియోడైమియం అయస్కాంతాల్లోంచి కరెంట్ బాగానే పోతుంది కాబట్టి వేరే కాంటాక్టులు (క్యూబు నుంచి క్యూబుకు కరెంట్ దాటించే లోహపు రేకులు) దండగ అనిపించి, అయస్కాంతాలకే వైర్లు అతికి ఎనిమిది క్యూబులు చేశాను. ముచ్చటగా అంటుకున్నాయి, అడాప్టర్ కాలిపోయింది. వైర్లు ఎక్కడో తప్పు కలిపానని రెండు రోజులు వెతికాను, కానీ తప్పు వైర్లలో లేదు, డిజైన్‌లోనే ఉంది: అయస్కాంతాలు అతుక్కోవడమే ప్లస్‌ను మైనస్‌తో కలపడం. పైగా ఆ అయస్కాంతాల పట్టు కూడా తగ్గింది, ఎందుకంటే మామూలు రకం నియోడైమియం 80 డిగ్రీలు దాటితే బలహీనపడుతుంది, ఐరన్ మొన 350 దగ్గర ఉంటుంది. కాబట్టి అయస్కాంతం పని పట్టుకోవడం, కాంటాక్టు పని కరెంట్ పంపడం, రెండూ కలపొద్దు.

కాంటాక్టులు ముఖం మధ్యలో అడ్డంగా మూడు పెట్టండి: మైనస్, ప్లస్, మైనస్. తిప్పి మూసినా మధ్యది మధ్యదానిమీదే పడుతుంది. అయస్కాంతాలు (6 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మందం) నాలుగు మూలల్లో, చుట్టూ తిరుగుతూ ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం. దీన్ని కూడా కాగితం మీద మూసి చూడండి. తిన్నగా పెట్టినా, తలకిందులుగా పెట్టినా అంటుకుంటుంది, పక్కకు తిప్పి పెడితే తోసేస్తుంది. కాంటాక్టులకు సరిపడేవి కూడా సరిగ్గా ఆ రెండు భంగిమలే! తప్పుగా అంటించే వీలే ఉండదు. ఇది నాకు ఎంత నచ్చిందంటే, మొదటిసారి గీసుకున్న ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ప్లస్, మైనస్ తారుమారైనా సరిచేసే నాలుగు డయోడ్ల జోడింపు) పెడితే ఎటు తగిలినా ఫర్వాలేదు కదా అంటారేమో. కరెంట్ దారిలో పడే మామూలు సిలికాన్ డయోడ్లు రెండు కలిసి దాదాపు 1.4 వోల్టులు తినేస్తాయి, అడాప్టర్ ఇచ్చే 5లో మిగిలేది 3.6, మనకు చాలదు.

అయస్కాంతాలు అతికేటప్పుడు ధ్రువాలు తారుమారు కాకుండా ఉండాలంటే, అన్నిటినీ ఒక కడ్డీలా ఒకదానిమీద ఒకటి అంటించి, పైనుంచి ఒక్కోటి తీసేముందు పైవైపు మార్కర్‌తో చుక్క పెట్టండి. చుక్క పైకి, చుక్క కిందకి, అంతే. అరాల్డైట్‌తో అతికి, 24 గంటలు ముట్టుకోకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అతుకు మీద ఇంకో పొర కూడా పోయండి. ఊడిన అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పేగును చిల్లు పొడుస్తాయి, అది ఆపరేషన్ దాకా వెళ్ళే ప్రమాదం.

కాంటాక్టులకు పల్చటి ఫాస్ఫర్ బ్రాంజ్ రేకు వాడండి, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల అడిగి చూడండి. ఇత్తడి రేకు కొన్నాళ్ళకు స్ప్రింగు గుణం పోగొట్టుకుంటుంది. మధ్యలో ఉబ్బెత్తుగా వంచి, ముఖం కంటే అర మిల్లీమీటరు బయటికి వచ్చేలా బిగించండి. లోపల ఆరు ముఖాల ప్లస్‌లన్నీ కలిపేయండి, మైనస్‌లన్నీ కలిపేయండి.

ఇక లెక్క. ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ఒక్కో కాంటాక్టు దగ్గర 0.05 ఓమ్ అనుకుందాం. మైనస్‌లు రెండు కాబట్టి అక్కడ సగమే, అంటే ఒక్కో అతుకుకు మొత్తం 0.075. అడాప్టర్ వైరు మొదటి క్యూబును తాకే చోటును కూడా ఒక అతుకుగా లెక్కేస్తే, పది క్యూబుల వరసలో మొదటి అతుకు మీద పదింటి కరెంటూ పోవాలి, తర్వాతి దానిమీద తొమ్మిదింటిది, అలా చివరిదాకా కూడితే వోల్టేజి 0.25 తగ్గుతుంది. అదేం పెద్ద విషయం కాదు. కానీ ఇరవై చేస్తే 0.5 కాదు, 0.95 దాకా తగ్గుతుంది, చివర మిగిలేది 4.05. చేతి చెమటకు కాంటాక్టులు మాసి నిరోధం రెట్టింపైతే 3.1కి దిగుతుంది. ఈ ఎల్ఈడీలో తెలుపు వచ్చేది ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిసి వెలిగితేనే; అందులో నీలం వెలగడానికి దాదాపు 3 వోల్టులు దానికే కావాలి కాబట్టి ముందు నీలమే మందగిస్తుంది, తెలుపు పసుపుపచ్చగా, తర్వాత ఎర్రగా మారుతుంది. వరస చివర క్యూబు రంగు మారిందంటే ఎల్ఈడీని అనుమానించకండి, కాంటాక్టులు తుడవండి.

ఇరవై కావాలంటే ఒకే అడాప్టర్ నుంచి రెండు వైర్లు తీసి రెండు చివరలా ఇవ్వండి, తగ్గుదల దాదాపు నాలుగో వంతుకు వస్తుంది. ఒక్కో వైరుకు 1.1 ఆంపియర్ల పాలీఫ్యూజ్ (కరెంట్ మితిమీరితే వేడెక్కి ఆపేసి, చల్లారాక మళ్ళీ పనిచేసే ఫ్యూజు) తప్పనిసరి. ఆ అంకె 20-25 డిగ్రీల దగ్గరిది, మన మే నెలలో అది ఇంకా తక్కువకే ఆపేస్తుంది, కాబట్టి ఒక్కో వైరు మీద పది పన్నెండు క్యూబులకు మించొద్దు. కాంటాక్టులు బయటికి తేలి ఉంటాయి కనుక లిథియం బ్యాటరీ మాత్రం ఇప్పుడే వద్దు.

కరెంట్ ఇచ్చేముందు ప్రతి క్యూబునూ, తర్వాత అంటించిన ప్రతి జతనూ, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య చూడండి. ఆగకుండా కూస్తూనే ఉంటే విప్పాల్సిందే. కూయకపోతే ఆరు క్యూబులు వరసగా అంటించి, మొదటిదాని దగ్గరా చివరిదాని దగ్గరా వోల్టేజి కొలిచి రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో క్యూబుల మధ్య డేటా పంపేటప్పుడు ఆ రెండు అంకెలూ కావాలి.