జిమ్ ట్రైనర్లకు: ఫోన్ బదులు చిన్న నోట్‌బుక్

కొత్తగా చేరినవాళ్లు మెషీన్ల కంటే ముందు ట్రైనర్‌నే చూస్తారు. సెట్లు, బరువులు మీరు ఫోన్‌లోనే నోట్ చేసుకుంటున్నా, ఎదురుగా ఆయాసపడుతూ స్క్వాట్ చేస్తున్న మనిషికి మాత్రం మీరు వాట్సాప్ చూస్తున్నట్టే ఉంటుంది. జేబులో పట్టే నోట్‌బుక్, పెన్ను పెట్టుకోండి, ఆ అనుమానమే రాదు.

చేతులు కట్టుకుని మెషీన్‌కి ఆనుకుంటే మీకు బోర్ కొడుతోందేమో అనుకుంటారు. కాస్త పక్కగా నిలబడితే వాళ్ల మోకాళ్లు, నడుము మీకు కనిపిస్తాయి, మీరూ వాళ్లకు కనిపిస్తారు. బెంచ్ మీద పడుకున్నవాళ్లకు పైనుంచి చెప్పకుండా ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుని చెప్పండి. పొజిషన్ సరిచేయడానికి ముట్టుకోవాల్సి వస్తే ముందు అడగాల్సిందే, ఇందులో మొహమాటం లేదు.

ఇక బట్టలు. పక్కటెముకలు కనిపించేలా కోసిన బనియన్ మీ సొంత వర్కవుట్‌కి ఓకే. షుగర్ ఉంది, వ్యాయామం చేయమని డాక్టర్ చెబితే భయపడుతూ వచ్చిన 50 ఏళ్ల ఆంటీకి మాత్రం అది చూడగానే ‘ఇది మనలాంటివాళ్ల చోటు కాదు’ అనిపిస్తుంది. ఒంటికి సరిపడే టీషర్ట్, ట్రాక్ ప్యాంట్, శుభ్రమైన షూస్ చాలు. బ్యాగ్‌లో ఇంకో టీషర్ట్ ఉంచుకోండి, సాయంత్రం బ్యాచ్‌కి ముందు మార్చుకోవడానికి.