బారెల్‌లో ఇరుక్కున్న బుల్లెట్ – 4వ పాఠం: మళ్లీ కడ్డీ దగ్గరికే

పోయిన పాఠంలో, ఇరుక్కున్న బుల్లెట్‌ను సుత్తితో కొట్టి బయటికి తోయడానికి "బారెల్ రంధ్రం కంటే కాస్త సన్నటి ఇత్తడి కడ్డీ తీసుకోండి" అని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యం దగ్గరే చాలామంది ఆగిపోయారు. కొందరు 9 ఎం.ఎం. పిస్టల్‌కి 9 ఎం.ఎం. కడ్డీ కొన్నారు, అది దూరలేదు. ఒకరు దాన్ని ఆకురాయితో అరగదీసి దూర్చారు, సగం దాకా వెళ్లి కడ్డీ కూడా ఇరుక్కుంది. ఇంకొకరు కడ్డీ దొరకలేదని కర్ర పుల్లతో కొట్టారు. అందుకే సుత్తి పాఠాన్ని పక్కనపెట్టి ఈసారి కూడా కడ్డీ గురించే చెబుతాను.

తుపాకీ పేరులోని అంకెను బట్టి కడ్డీ కొనకండి. బారెల్ లోపల మెలికలు తిరిగిన గాళ్లు ఉంటాయి, గాడికీ గాడికీ మధ్య గట్టు ఉంటుంది. గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగు దాకా కొలిస్తే ఒక సైజు, గట్టు నుంచి గట్టుకు కొలిస్తే అంతకంటే చిన్న సైజు వస్తాయి. బుల్లెట్ దాదాపు పెద్ద సైజులో ఉంటుంది. కడ్డీ మాత్రం చిన్న సైజు కంటే సన్నగా ఉండాలి. 9 ఎం.ఎం. పిస్టల్‌లో బుల్లెట్ 9.02 ఎం.ఎం., గట్ల మధ్య సుమారు 8.8 మాత్రమే. మీ కడ్డీ దూరకపోవడానికి కారణం అదే.

పేర్లలో పద్ధతంటూ ఏమీ లేదు. .308 అనే తూటా పేరు అంగుళాల్లో గాడి కొలత నుంచి వచ్చింది, .303 గట్ల కొలత నుంచి వచ్చింది. .38 స్పెషల్‌లో బుల్లెట్ నిజానికి .357 అంగుళమే. నేను వాడే కడ్డీల మందం చెబుతాను: 4.5 ఎయిర్ రైఫిల్‌కి 4 ఎం.ఎం., .22కి 5, 7.62కి 7, 9 ఎం.ఎం.కీ .38కీ 8, .45కి 10. మీ బారెల్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి దూర్చి చూసుకోండి. దాని బరువుకే అది జారాలి.

8 ఎం.ఎం. కడ్డీ 9 ఎం.ఎం. బారెల్‌లో కాస్త వదులుగా ఆడుతుంది. కరెంటు పనికి వాడే టేపు రెండు చోట్ల రెండేసి చుట్లు చుట్టండి. కొస నుంచి వేలెడు దూరం వదిలి ఒకటి, మధ్యలో ఒకటి. లోహం గట్లకు తగలదు, దెబ్బ బుల్లెట్ నడిమధ్య పడుతుంది. మరీ సన్నటి కడ్డీకి ఎంత టేపు చుట్టినా లాభం లేదు. మెత్తటి సీసం బుల్లెట్ మీద అది మేకులా దిగబడుతుంది, సీసం పక్కలకు ఉబ్బి గోడను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

ఇక కర్ర సంగతి. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సలహా ఎంతకీ చావడం లేదు. "కర్ర మెత్తన, బారెల్‌కి గీత పడదు" అంటారు. గీత పడని మాట నిజమే. కానీ కర్రలో నార పొడవునా పోతుంది, ఆ నార ఎప్పుడూ తిన్నగా ఉండదు. దెబ్బ పడగానే పుల్ల అడ్డంగా విరగదు, నార వెంట ఏటవాలుగా చీలుతుంది. చీలిన ముక్క పొడవాటి చీలలా తయారవుతుంది. తర్వాతి దెబ్బకు దాని పదునైన కొస బుల్లెట్‌కీ గోడకీ మధ్య దూరుతుంది. ఆపై ఎంత కొడితే అంత బిగుస్తుంది. నూనె పోసి ఉంటే కర్ర అదీ పీల్చుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన ఒక బారెల్‌లో బుల్లెట్ తీయడానికి పావుగంట పట్టింది. దానికి ముందు పుల్ల ముక్కలు తీయడానికి రెండు రోజులు పట్టింది. గట్టి కర్ర అయితేనో? అదీ చీలుతుంది. మెల్లగా కొడితేనో? బుల్లెట్ కదలదు, పుల్ల కొస పుట్టగొడుగులా విచ్చుకుని తనే ఇరుక్కుంటుంది.

ఉక్కు కడ్డీ గట్లను గీస్తుంది, వద్దు. క్లీనింగ్ రాడ్ మీద సుత్తి వేయకండి, ముక్కలను మరలు తిప్పి బిగించే చోట వంగిపోతుంది. అల్యూమినియం కొందరు వాడతారు. చేతిలో ఇత్తడి ఉండగా నేను దాన్ని ముట్టుకోను.

కడ్డీని హాక్‌సాతో కోశాక కొసను ఆకురాయితో చదును చేయండి. చదునైందో లేదో తెలియాలంటే అద్దం ముక్క మీద నిలబెట్టి చూడండి. ఊగకుండా నిలబడితే సరిపోయింది. అంచు పదునును కొద్దిగా తీసేయండి. తర్వాత అదే అద్దం మీద పడుకోబెట్టి దొర్లించండి. కింద వెలుతురు కనిపిస్తూ మాయమవుతూ ఉంటే కడ్డీ వంకర, దాన్ని పక్కన పడేయండి. పొడవు బారెల్ కంటే ఒక పిడికిలి ఎక్కువ చాలు. రైఫిల్‌కి 5 ఎం.ఎం. కడ్డీ పొడవుగా ఉంటే దెబ్బకు లోపలే వంగుతుంది. అందుకని నేను పొట్టి ముక్కలు మూడు నాలుగు చేసి ఉంచుకుంటాను. బుల్లెట్ కదిలేకొద్దీ ఒకదాని వెనక ఒకటి వేస్తాను.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేదు. ఛాంబర్‌లో, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే గదిలో, పేలని తూటా ఉన్నా, ఉందేమో అన్న అనుమానం ఉన్నా కడ్డీ తీయకండి. తూటాలు పెట్టే గుండ్రటి సిలిండర్ బిగుసుకుపోయి పక్క గదుల్లో తూటాలు మిగిలిన రివాల్వర్ కూడా అంతే. దాన్ని ఆర్మరర్‌కి, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడికి, ఇవ్వండి. ఇరుక్కున్న బుల్లెట్‌ను ఇంకో తూటా పేల్చి తోసే ఆలోచన చేస్తే బారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు.

సాధన ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. విడదీసిన ఖాళీ బారెల్‌కి లోపల నూనె రాయండి. గాడి సైజు కంటే వెంట్రుకవాసి పెద్దదైన మెత్తటి సీసం గుండును ముందు కొస నుంచి తోసి, మీ కడ్డీతో వెనక నుంచి బయటపడేలా నడిపించండి. బారెల్ కింద రంధ్రమున్న చెక్క దిమ్మె పెట్టండి. బయటికొచ్చిన గుండు మీద గాళ్ల ముద్ర అచ్చుగుద్దినట్టు ఉంటుంది. దాన్ని సన్నటి కొలతలు తీసే వెర్నియర్‌తో కొలిచి మీ బారెల్ అసలు సైజులు రెండూ రాసుకోండి. 5 గాళ్ల బారెల్ అయితే ఎదురెదురుగా గాళ్లు ఉండవు కాబట్టి వెర్నియర్ తప్పు చూపిస్తుంది. అలాంటి బారెల్ ఉన్నవాళ్లు గాళ్లను లెక్కపెట్టి ఆ సంఖ్య కూడా పక్కన రాయండి.