పాత పార్టులతో ఇంట్లోనే సైకిల్: ముందు కొలత, తర్వాత బేరం

సెకండ్‌హ్యాండ్ పార్టులతో సైకిల్ కట్టుకునేవాళ్లకి డబ్బు ఎక్కువగా పోయేది కొలత కుదరని పార్టుల దగ్గరే. అరిగిన పార్టు కంటికి కనిపిస్తుంది, కొనకుండా వదిలేస్తాం. కొలత కుదరనిది మాత్రం ఇంటికి తెచ్చి బిగించబోయేదాకా బయటపడదు. సంతలో కొన్నదాన్ని వెనక్కి తీసుకునేవాళ్లు ఉండరు. నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్ రూంలో ఫిట్టర్‌ని, ఇల్లు మూసాపేట. వారమంతా పనిలో వాడే, సన్న కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌నే ఆదివారం జేబులో వేసుకుని ఎర్రగడ్డ సంతకి పోతాను. వెర్నియర్ లేనివాళ్లకి ఒక స్టీలు స్కేలు, ఒక టేపు, ఒక చిన్న అయస్కాంతం చాలు.

ఆదివారం ఎర్రగడ్డ, గురువారం పాతబస్తీ వైపు జుమేరాత్ బజార్: పాత సామాన్లకి ఈ రెండూ మంచివి. కొత్త పార్టులకి కోఠి దగ్గర ఇసామియా బజార్ ఉంది. ఇవి కాక చాలామందికి తట్టని చోటు ఇంకొకటి ఉంది, అపార్ట్‌మెంట్ సెల్లార్లు. లాక్‌డౌన్ రోజుల్లో కొని, ఆ తర్వాత ఎవరూ ఎక్కని గేర్ సైకిళ్లు టైర్లు చప్పబడి స్తంభాల వెనక పడి ఉంటాయి. అసోసియేషన్ వాళ్లని అడిగి, ఓనరుతో మాట్లాడి తెచ్చుకుంటే సంతలో కన్నా మంచి సరుకు దొరుకుతుంది. ఎక్కడ కొన్నా ఫ్రేమ్ నంబరు చూడండి. పెడల్ ఇరుసు ఉండే గొట్టం కిందో, సీటు గొట్టం మీదో కొట్టి ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే ఎంత చవగ్గా ఇస్తానన్నా ఆ ఫ్రేమ్ ముట్టుకోకండి. అది ఏ పిల్లాడి దగ్గర కొట్టేసిందో మనకి తెలియదు.

మొదట ఫ్రేమ్ కొనండి. మిగతా కొలతలన్నీ అదే చెబుతుంది. అయస్కాంతం అతుక్కుంటే స్టీలు, లేకపోతే అల్యూమినియం. రోజూ వాడే సైకిల్‌కి నేను ఎప్పుడూ స్టీలే చూస్తాను. కొద్దిగా వంగితే సరిచేయొచ్చు, పగిలితే వెల్డింగ్ చేయించొచ్చు. హ్యాండిల్ గొట్టం వెనక, కింది గొట్టం అడుగున పెయింటు ముడతలు పడి ఉంటే ఆ బండి ఎక్కడో ముందు నుంచి గుద్దుకుందన్నమాట. దాన్ని వదిలేయండి. తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం కూర్చునే ఒక చెవికి దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో చెవికి బిగుతుగా లాగి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉన్నా ఫరవాలేదు. అంతకు మించితే ఫ్రేమ్ ఒక పక్కకి పోయినట్టే. సీటు రాడ్డు కదులుతుందో లేదో కూడా అక్కడే చూడాలి. స్టీలు గొట్టంలో అల్యూమినియం రాడ్డు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే లోపల పట్టేస్తుంది, దాన్ని బయటికి లాగడం పెద్ద టెన్షన్.

పాత నల్ల సైకిళ్ల ఫ్రేములంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే ఆగిపోయింది. అయినా ఆ ఫ్రేమ్‌లు సంతల్లో ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. ఈ నల్ల సైకిళ్ల తీరు అన్ని కంపెనీల్లో దాదాపు ఒకటే కాబట్టి, ఒకదాని పార్టులు ఇంకోదానికి చాలావరకు సరిపోతాయి.

ఇక చక్రాలు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు, నిదానంగా చదవండి. టైరు మీద పెద్దగా రాసిన అంగుళాల లెక్కని నమ్మొద్దు. పక్కన చిన్న అక్షరాల్లో 37-590 లాంటి నంబరు ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఇరవయ్యారు అని పిలిచే చక్రాలు రెండు రకాలు. 26×1⅜ అయితే 590, ఎంటీబీ (లావు టైర్ల మౌంటెన్ బైకు) వాడే 26×1.95 అయితే 559. ముప్పై ఒక్క మిల్లీమీటర్ల తేడా, ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కే ప్రశ్నే లేదు. నల్ల సైకిల్ 28×1½ అంటే 635. రోడ్డు బైకుల 700సీ 622, ఎంటీబీల్లో ఇరవైతొమ్మిది అన్నా అదే 622. నానక్‌రామ్‌గూడ వైపు ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) పక్కన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ 2023లో తెరిచాక, సన్న టైర్ల సైకిల్ కట్టివ్వమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. నల్ల ఫ్రేమ్‌లో 700సీ చక్రాలు పెట్టొచ్చు. కానీ రిమ్ము అంచు ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, బ్రేకు రబ్బరు అంత కిందికి అందాలి. రిమ్ముని రెండు పక్కలా నొక్కే కాలిపర్ బ్రేకుల్లో చేతుల పొడవు ఎక్కువున్నది కొంటేనే అది కుదురుతుంది. పాత రాడ్డు బ్రేకు రిమ్ము లోపలి వైపు నొక్కుతుంది కాబట్టి దాన్ని తీసేయాల్సిందే.

వెనక హబ్ (చక్రం మధ్యలో ఇరుసు ఉండే భాగం) వెడల్పు కూడా కొలవండి. ఫ్రేమ్ రెండు చెవుల మధ్య లోపలి దూరం నల్ల సైకిళ్లలో సుమారు 110 మిల్లీమీటర్లు, గేర్ ఎంటీబీల్లో ఎక్కువగా 135. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అయితే స్టీలు ఫ్రేమ్‌ని చేత్తో సాగదీసి చక్రం దూర్చొచ్చు. అల్యూమినియం ఫ్రేమ్‌ని మాత్రం సాగదీయకండి, పగుళ్లిస్తుంది.

మా గల్లీలో పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి తన నల్ల సైకిల్ తెచ్చి, "అన్నా, దీనికి గేర్లు పెట్టిస్తావా, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మోకాళ్లు పోతున్నయ్" అన్నాడు. 110 వెడల్పు ఫ్రేమ్‌లో ఏడు గేర్ల హబ్ ఇరికించడం అనవసరమైన ఖర్చు. ముందు పళ్ల చక్రం 44, వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రం) 18 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. ఫ్రీవీల్ 22 పళ్లది వేస్తే నాలుగున్నర మీటర్లే పోతుంది, తొక్కడం మాత్రం అంతకంత తేలికవుతుంది. ఒక్క ఫ్రీవీల్, గొలుసుకి ఒకట్రెండు లింకులు, అంతే పని. బరువు మోసే సైకిళ్లన్నిటికీ నేను ముందు చేసే మార్పు ఇదే.

బేరింగుల పని మీద బద్ధకించకండి. పాత సైకిల్ బరువుగా నడుస్తోందంటే చాలాసార్లు లోపల గ్రీజు ఎండి మట్టి అయిపోయి ఉంటుంది. హబ్ విప్పి, కిరోసిన్‌లో కడిగి, కోను (ఇరుసు మీద బిగించే, బాల్స్‌ని పట్టి ఉంచే నట్టు) మీద బాల్స్ తిరిగే గాడిలో బాల్ పెన్ను మొనని మెల్లగా నడిపించండి. మొన ఎక్కడైనా తట్టుకుంటే అక్కడ గుంట పడిందని అర్థం. కోను గుంటపడితే కొత్త కోను వేయొచ్చు, హబ్ కప్పు (హబ్ లోపల బాల్స్ కూర్చునే గిన్నె) గుంటపడితే హబ్ మార్చాలి. బాల్స్ ఎప్పుడూ మొత్తం సెట్టు కొత్తవే వేయండి, పాతవాటితో కలపొద్దు. సాధారణంగా ముందు హబ్‌కి 3/16 అంగుళం, వెనక హబ్‌కి 1/4 అంగుళం బాల్స్. కొనేటప్పుడు పాత బాల్ ఒకటి చూపించడం మేలు. కోను బిగింపులో ఓపిక కావాలి. చక్రాన్ని అటూ ఇటూ ఊపితే లూజు ఉండకూడదు, ఇరుసుని వేళ్లతో తిప్పితే గరగరలాడకూడదు. లాక్ నట్టు బిగించగానే ఈ బిగింపు కాస్త మారిపోతుంది, అందుకే ఊపి, తిప్పి మళ్లీ చూడాలి.

పెడళ్ల దగ్గర ఒక్క మాట. ఎడమ పెడల్‌ది ఉల్టా థ్రెడ్. మన సైకిళ్లలో ఎక్కువవాటికి పెడల్ ఇరుసు కుడివైపు బేరింగు కప్పుది కూడా ఉల్టాయే. బలవంతంగా మామూలు వైపు తిప్పితే ఊడదు సరికదా, ఇంకా బిగుసుకుంటుంది. కొత్త కప్పు కొనడానికి పాత కప్పు వెంట తీసుకెళ్లండి. షాపులోనే రెండు కప్పుల థ్రెడ్లనీ ఒకదానికొకటి ఆనించి చూస్తే సరిపోతాయో లేదో తెలిసిపోతుంది.

రిమ్ము బెండు ఇంట్లోనే తీయొచ్చు. ముందురోజు రాత్రి ప్రతి నిపుల్ (రిమ్ము దగ్గర పుల్లని బిగించే చిన్న నట్టు) మీదా ఒక చుక్క నూనె వేయండి. సైకిల్ తలకిందులుగా నిలబెట్టి, ఫోర్కుకి ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొన రిమ్ము దగ్గరికి వచ్చేలా కత్తిరించండి. చక్రం తిప్పినప్పుడు రిమ్ము ఎడమకి ఒరిగిన చోట, హబ్ కుడి అంచు నుంచి వచ్చే పుల్లల్ని పావు చుట్టు బిగించి, ఎడమ అంచు నుంచి వచ్చేవాటిని పావు చుట్టు వదులు చేయండి. పావు చుట్టుకి మించి ఒక్కసారిగా తిప్పొద్దు. మళ్లీ తిప్పి చూడండి.

బ్రేకు రబ్బర్లు, కేబుళ్లు, ట్యూబులు, గొలుసు కొత్తవే కొనండి, ఇక్కడ పొదుపు వద్దు. పాత గొలుసునే వాడాలనుకుంటే స్కేలు పెట్టి కొలవండి. పన్నెండు పూర్తి లింకులు సరిగ్గా పన్నెండు అంగుళాలు ఉండాలి. అంగుళంలో ఎనిమిదో వంతు సాగి ఉంటే గొలుసుతో పాటు ఫ్రీవీల్ కూడా అరిగినట్టే, రెండూ కలిపి మార్చండి. స్టీలు రిమ్ముల మీద వానలో బ్రేకు సరిగ్గా పట్టదు. మూసాపేట చౌరస్తాలో వాన పడుతుండగా బస్సు వెనక ఆగాల్సినవాడికి అది ప్రాణం మీది మాట. డబ్బు ఒక్కదానికే ఉంటే అల్లాయ్ రిమ్ముకి పెట్టండి. వీ బ్రేకు (చక్రానికి రెండు పక్కలా నిలువు చేతులుండే బ్రేకు) పెడుతుంటే దాని లీవర్లే తీసుకోండి. కాలిపర్ బ్రేకు లీవరు లాగే కేబుల్ పొడవు వీ బ్రేకుకి చాలదు.

సీటు, హ్యాండిల్ మీ ఒంటికి తగ్గట్టు ఎంచుకోండి.

అంతా బిగించాక మొదటిరోజే దూరం పోకండి. గల్లీలో నెమ్మదిగా తిరిగి, రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూడండి. వారం తొక్కాక కాటర్ పిన్నుల (పెడల్ చేతిని ఇరుసుకి పట్టి ఉంచే పిన్నుల) నట్లు, చక్రాల నట్లు, హ్యాండిల్ బోల్టు ఇంకోసారి బిగించండి. కొత్త కేబుళ్లు ఆ వారంలో కొద్దిగా సాగుతాయి కాబట్టి బ్రేకులు కూడా అప్పుడే సరిచేసుకోండి.