ముల్లు 15కి వచ్చిందా అని కాదు, ఆవిరి ఎలా వస్తోందో చూడండి

మా డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ లాబులో పంతొమ్మిదేళ్లుగా అసిస్టెంటుగా చేస్తున్నాను. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను చూపించేది మైక్రోస్కోపు కాదు, మూలన ఉన్న ఆటోక్లేవ్, అంటే ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులని చంపే పాత్ర. అల్యూమినియం డ్రమ్ము, చుట్టూ రెక్కల నట్లు, మూత మీద ఒక గేజి, ఒక ఆవిరి కుళాయి, ఒక సేఫ్టీ వాల్వు. చూడగానే "అక్కా, ఇది పెద్ద కుక్కరే కదా" అంటారు. కుక్కరే. కాకపోతే ఇంట్లో పప్పు ఉడక్కపోతే ముద్ద కలుపుకునేసరికి తెలిసిపోతుంది. ఇక్కడ మీడియా, అంటే సూక్ష్మజీవులని పెంచే ఆహారం, సరిగా శుద్ధి కాలేదని తెలిసేది రెండు రోజుల తర్వాత. అప్పటికి ప్రాక్టికల్ కాస్తా గోవిందా.

స్విచ్ వేసే ముందు మూత తీసి నీళ్లు చూడండి. కాయిల్ పూర్తిగా మునగాలి. బోరు నీళ్లు పోయకండి, కాయిల్‌కి సున్నం గడుతుంది. ఫ్లాస్కులో మీడియా సగానికి మించి పోస్తే పొంగుతుంది. మూతికి దూది బిరడా పెట్టి, దాని మీద పాత పేపరు ముక్క కప్పి దారంతో కట్టండి, దూది తడవకుండా ఉంటుంది. మరమూత సీసాలైతే మూతని ఒక చుట్టు వదులు చేయాలి. బుట్టలో సందు లేకుండా కుక్కొద్దు, ఆవిరి తిరగడానికి చోటు కావాలి. నట్లు వరసగా కాదు, ఎదురెదురు జతలుగా బిగించండి. లేదంటే ఒక పక్క నుంచి బుసబుసమని కారుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆవిరి కుళాయి తెరిచే ఉంచి స్విచ్ వేయాలి. మొదట కాసేపు ఏమీ రాదు. తర్వాత చిటపటమని తుంపరలు, ఆగి ఆగి బుస్సుమనడం. అది లోపలున్న గాలి ఆవిరితో కలిసి పోతున్న చప్పుడు. అప్పుడే మూసేయకండి. ఆగకుండా ఒకే ధారగా తెల్లగా ఆవిరి రావాలి, అలా వచ్చాక ఇంకో ఐదారు నిమిషాలు వదిలి అప్పుడు కుళాయి మూయాలి.

చేరిన రెండో ఏడు నేను ఈ ఐదు నిమిషాలే మిగుల్చుకోబోయాను. మర్నాడు పిల్లలకి పరీక్ష, సాయంత్రం బస్సు టైమైపోతోంది. మొదటి బుస్సుకే కుళాయి తిప్పేశాను. ముల్లు చక్కగా 15కి వచ్చింది, గడియారం చూసి పదిహేను నిమిషాలు ఉంచాను. పరీక్షలో వాడగా మిగిలిన మీడియా ప్లేట్లు, ఎవరూ మూత కూడా తీయనివి, మూడో రోజుకి చూస్తే గరుకు గరుకుగా తెల్లటి కాలనీలు, అంటే బాక్టీరియా గుంపులు. స్టెయిన్ చేసి (రంగు వేసి) మైక్రోస్కోపులో చూస్తే స్పోర్లు కట్టిన కడ్డీలు, బాసిల్లస్ అనే బాక్టీరియా. స్పోరంటే వేడికి తట్టుకునే దాని గట్టి విత్తనం లాంటి రూపం.

గేజి చూపించేది ఒత్తిడిని మాత్రమే, దానికి గాలైనా ఒకటే, ఆవిరైనా ఒకటే. 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర లోపల అంతా ఆవిరే ఉంటే వేడి 121 డిగ్రీలుంటుంది. గాలి సగమే పోతే అదే ముల్లు, అదే 15, కానీ వేడి సుమారు 112 డిగ్రీలే. ఆ తేడా చాలు స్పోరు బతికి బయటపడటానికి. అందుకే 121 డిగ్రీలు, పదిహేను నిమిషాలు అని పుస్తకంలో ఉన్న లెక్క గాలి పూర్తిగా పోయాకే మొదలవుతుంది. పెద్ద ఫ్లాస్కులో అర లీటరు, లీటరు మీడియా ఉంటే నేను అరగంట ఉంచుతాను, నడిమధ్యకి వేడి చేరడానికే టైము పడుతుంది. ఫ్లాస్కులకి అంటించే ఆటోక్లేవ్ టేపు మీద నల్ల చారలు వచ్చాయని మురిసిపోకండి, అవి వేడి తగిలిందని చెబుతాయి, స్పోర్లు చచ్చాయని కాదు. అది తేలాలంటే జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే వేడికి బాగా ఓర్చే బాక్టీరియా స్పోర్ల స్ట్రిప్పు ఒకటి బుట్ట మధ్యలో పెట్టి, తర్వాత పెంచి చూడాలి.

అయ్యాక ముల్లు సున్నాకి దిగేదాకా కుళాయి ముట్టుకోవద్దు. ఒక్కసారిగా వదిలితే ఫ్లాస్కుల్లో మీడియా ఉడికి, బిరడాలు ఎగిరి, ఒలికి గడ్డకట్టిన అగార్ మీడియా అంతా మీరే గీకాలి.

పిప్పెట్లు, గాజు ప్లేట్లు పొడిగా కావాలంటే హాట్ ఎయిర్ ఓవెన్, 160 డిగ్రీలు, రెండు గంటలు. ఆటోక్లేవ్‌లో పావుగంటకి అయ్యేది ఇక్కడ రెండు గంటలెందుకని అడుగుతారు. ఓవెన్ తలుపు తీస్తే మొహానికి సెగ తగులుతుంది, అంతే. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి చేతికి తగిలితే బొబ్బెక్కుతుంది. చల్లటి వస్తువు మీద నీరుగా మారుతూ ఆవిరి తన వేడంతా అక్కడే దింపేస్తుంది. ఓవెన్‌ని చల్లారనిచ్చి తీయండి, వేడి మీద తీస్తే గాజు పగులుతుంది.

బల్ల తుడవడానికి స్పిరిట్ 70 శాతమే. ఘాటుగా ఉంటే బాగా చంపుతుందనుకుని నీళ్లు కలపకుండా వాడేవాళ్లని చూశాను. నీళ్లు లేని ఆల్కహాల్ కణం పైపొరని గబుక్కున గడ్డకట్టించేస్తుంది, లోపలికి దిగదు, పైగా క్షణంలో ఆరిపోతుంది. 95 శాతానిది 74 మిల్లీలీటర్లు కొలిచి డిస్టిల్డ్ నీళ్లతో 100 చేయండి. చల్లాక ఒక నిమిషం తడిగా ఉండనివ్వండి. స్పోర్లని మాత్రం ఇది ఏమీ చేయలేదు. ప్లేటు మీద కల్చర్ పరిచే గాజు కడ్డీని, స్ప్రెడర్‌ని, స్పిరిట్‌లో ముంచి మంటకి చూపేటప్పుడు బీకరు దీపానికి దూరంగా ఉండాలి. బీకరు అంటుకుంటే ఊదకండి, నీళ్లు పోయకండి, పైన గాజు మూత పెట్టండి. ఆ మూత ముందే పక్కన ఉండాలి.

కల్చర్, అంటే పెంచిన సూక్ష్మజీవులున్న ద్రవం, ఒలికితే దాని మీద టిష్యూ పేపర్లు పరిచి, బ్లీచ్‌ని అంచుల నుంచి లోపలికి పోయండి, ఇరవై నిమిషాలాగి ఎత్తండి. ఆ బ్లీచ్ అంటే 5 శాతం హైపోక్లోరైట్ ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. ఎండకి, వేడికి దాని పస పోతుంది, వాసన మాత్రం మిగిలే ఉంటుంది, వాసన చూసి మోసపోతారు. బాత్రూములు కడిగే యాసిడ్‌తో దీన్ని కలిపారో, వచ్చేది క్లోరిన్ గ్యాసు. బ్లీచ్ పోసిన డబ్బాని ఆటోక్లేవ్‌లో కూడా పెట్టకూడదు.

యూవీ లైటు మీద నాకంత గురి లేదు. 254 నానోమీటర్ల వెలుగు తిన్నగా పడిన చోటే పనిచేస్తుంది, పిప్పెట్ స్టాండు నీడలో ఉన్నది హాయిగా బతుకుతుంది. చేతులు పెట్టే ముందు ఆర్పేయండి. వేడికి ఆగని యాంటీబయాటిక్ ద్రావణాలకి 0.22 మైక్రాన్ల ఫిల్టరు, వైరస్‌లు మాత్రం అందులోంచి దాటిపోతాయి.

ప్లేట్లు పోసిన ప్రతిసారీ రెండింటి మీద ఏ కల్చరూ పూయకుండా వదిలేసి 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రెండు రోజులుంచుతాను. అవి శుభ్రంగా ఉంటేనే మిగతావి పిల్లల చేతికి. వాటి మీద మార్కరుతో "ఖాళీ" అని రాస్తాను, అడుగు వైపు. మూతలు మారిపోతాయి.