సోఫాలో కూర్చొని సినిమాను తిట్టే ముందు

"సినిమా ఎట్లుంది?" అని అడిగితే మా దగ్గర రెండే జవాబులు వినిపిస్తాయి: మస్తుంది, లేకపోతే బేకార్. థియేటర్‌కు పోయి వచ్చినవాడు అట్లా అంటే సరే అనుకోవచ్చు, చీకట్లో రెండున్నర గంటలు వేరే పని లేకుండా కూర్చున్నాడు కాబట్టి. ఇంట్లో చూసినవాళ్ల సంగతి వేరు. కుక్కర్ విజిల్, కొరియర్ అబ్బాయి బెల్లు, వాట్సాప్‌లో పెళ్లి ఫొటోలు, పక్క గదిలో పిల్లల పంచాయితీ, ఇవన్నీ కలిపి చూసి ఆ చిరాకు మొత్తం డైరెక్టర్ నెత్తిన పెడతాం. నచ్చనిది సినిమానా, మనం చూసిన తీరా అన్నది ముందు తేల్చుకోవాలి. హన్మకొండలో ఓ చిన్న హాలు, 43 అంగుళాల టీవీ, సినిమాల పిచ్చి, ఇవీ నా దగ్గరున్నవి. వీటితో నేను పాటించే పద్ధతులు చెబుతాను. నా ఇష్టాయిష్టాలు మధ్యలో దూరుతూనే ఉంటాయి, వాటికి మీరు తలూపాల్సిన పనేం లేదు.

మొదలు టీవీ రిమోట్ పట్టుకోండి. షోరూంలో మెరిసిపోవడానికి పెట్టిన 'వివిడ్' మోడ్‌లోనే చాలామంది ఏళ్ల తరబడి చూస్తుంటారు. ముఖాలు నారింజ రంగులో, గడ్డి రేడియం పూసినట్టు కనిపిస్తే అదే కారణం. 'సినిమా' లేదా 'మూవీ' మోడ్‌కు మార్చండి, 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే ఇంకా మంచిది. ఆ తర్వాత మోషన్ సెట్టింగు తీసేయండి. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ అనో పిక్చర్ క్లారిటీ అనో ఉంటుంది, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. సినిమా మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు. ఈ సెట్టింగు ఆన్‌లో ఉంటే టీవీ మధ్యలో లేని ఫ్రేములను సొంతంగా పుట్టించి కలుపుతుంది, అందుకే కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా సాయంత్రం సీరియల్‌లా జారుతూ కనిపిస్తుంది. 2018లో టామ్ క్రూజ్ స్వయంగా ఒక వీడియో పెట్టి మరీ దీన్ని ఆపేయమని జనాన్ని బతిమాలాడు. "సినిమా చీప్‌గా తీసినట్టుంది" అని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఈ సెట్టింగు గురించే.

నల్లపట్టీల గురించి కూడా ఒక మాట. తెర నిండలేదని జూమ్ కొట్టకండి. 1957 నాటి మాయాబజార్ దాదాపు చదరంగా ఉండే పాత ఫ్రేములో తీసింది, దాన్ని ఈ కాలపు వెడల్పాటి టీవీకి సాగదీస్తే ఘటోత్కచుడు పొట్టిగా, లావుగా అయిపోతాడు, జూమ్ చేస్తే కిందా మీదా కలిపి బొమ్మలో దాదాపు పావు వంతు ఎగిరిపోతుంది. 2010లో రంగులు వేసి మళ్లీ విడుదల చేసిన కాపీ కూడా ఉంది కదా, పిల్లలకు అదే నచ్చుతుందంటారు. నేనైతే నలుపు తెలుపే చూడమంటాను. మార్కస్ బార్ట్లీ కెమెరా పెట్టింది నలుపుకూ తెలుపుకూ మధ్య ఉండే బూడిద రంగుల లెక్కతో. పడవ పాటలో నీళ్ల మీద ఆ వెన్నెల చూడండి, రంగు వేస్తే ఆ మాయ సగం పోతుంది. పిల్లలు పది నిమిషాలు గొణుగుతారు, వివాహ భోజనం దగ్గరికి వచ్చేసరికి రంగు సంగతే మర్చిపోతారు.

ఇక సౌండు. మన ఓరుగల్లు ఎండాకాలంలో కూలర్ లేకుండా మధ్యాహ్నం సినిమా చూడటం కుదరదు, కూలర్ నడుస్తుంటే మాటలు వినిపించవు, వాల్యూమ్ పెంచితే పాట రాగానే గోడలు అదురుతాయి. కూలర్ ఒక్కదాని తప్పే కాదు ఇది. సినిమాను చాలా స్పీకర్ల కోసం మిక్స్ చేస్తారు, మన టీవీకి ఉన్నవి వెనకాల రెండు చిన్న స్పీకర్లు. ఆడియో ఆప్షన్లలో స్టీరియో ఉంటే అది ఎంచుకోండి, టీవీ సౌండ్ మెనూలో మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఉంటుంది, అది పెట్టండి. అప్పటికీ కాకపోతే హెడ్‌ఫోన్స్. లేదా రాత్రి తొమ్మిది దాటాక చూడండి, గణపతి నవరాత్రులు కాకపోతే.

హెడ్‌ఫోన్స్‌తో చూడాల్సిన సినిమా పేరు ఒకటి చెప్పమంటే పెళ్లిచూపులు చెబుతాను. 2016లో వచ్చిన ఈ సినిమాలో మాటలు డబ్బింగ్ థియేటర్‌లో తర్వాత చెప్పినవి కావు, షూటింగ్ జరుగుతున్నప్పుడే రికార్డు చేసినవి. అందుకే గది గదిలాగే వినిపిస్తుంది. పెళ్లిచూపులకు వచ్చిన ఇద్దరూ గదిలో ఇరుక్కుపోయి మాట్లాడుకునే భాగం ఉంది కదా, అక్కడ వాళ్ల తడబాటు, మాటకు మాటకు మధ్య గ్యాపు, ఇవే నటన. కూలర్ పక్కన కూర్చొని అది చూసి "ఏముంది, ఇద్దరు మాట్లాడుకోవడమే కదా" అన్నవాళ్లు నాకు తెలుసు. ఫుడ్ ట్రక్ కథ కొంచెం సులువుగా గాడిన పడిందని నా ఫిర్యాదు, ఆ గది మాత్రం పది సార్లయినా చూడొచ్చు.

నెట్ స్పీడు విషయం తొందరగా చెప్పేస్తాను. 1080పీకి (అంటే ఫుల్ హెచ్‌డీ బొమ్మకు) 5 ఎంబీపీఎస్, అంతకంటే స్పష్టమైన 4కేకు 15 ఎంబీపీఎస్ స్పీడు ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. యాప్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. చీకటి సీన్లు గళ్లు గళ్లుగా పగిలిపోతుంటే అది కెమెరామన్ పనితనం కాదు, మీ వైఫై.

పాత సినిమాలకు ఇంకో చిక్కు ఉంది, ప్రింటు. సత్యజిత్ రాయ్ పథేర్ పాంచాలి నెగెటివ్‌లు 1993లో లండన్‌లో అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నా, వాటిలో మిగిలినదాన్ని ఏరుకొని బాగుచేసి 2015లో 4కేలో తెచ్చారు, ఇవాళ చూస్తే తామరాకుల మీద నీటి పురుగులు కూడా తెలుస్తాయి. మన తెలుగు పాత సినిమాలకు అంత అదృష్టం అరుదు. కాబట్టి అరిగిపోయిన కాపీ చూసినప్పుడు ప్రింటు గురించి ఒక మాట, సినిమా గురించి ఒక మాట విడివిడిగా చెప్పడం అలవాటు చేసుకోవాలి. బి. నర్సింగరావు తీసిన దాసికి 1988 సంవత్సరానికి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి, అందులో ఛాయాగ్రహణానికీ ఒకటి. మసకబారిన కాపీలో అదేదీ కనిపించకపోతే అవార్డు ఎందుకిచ్చారో అనుకోకండి.

దాసి గురించే ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చూసేవాళ్లు ఎక్కువ అన్యాయం చేసేది ఇట్లాంటి సినిమాలకే. రిమోట్ చేతిలో ఉంటుంది, పది సెకన్లు ముందుకు దూకే బటన్ ఉంటుంది, 1.5 స్పీడు కూడా ఉంటుంది. దాసిలో కథంతా గడీలో, అంటే కోటలాంటి దొర ఇంట్లో, పనిచేసే ఓ దాసిది. దొర పిలుపు కోసం నిలబడటం, నీళ్లు మోయడం, వంగి తుడవడం, తలుపు పక్కన ఆగడం, ఇవే ఆ అమ్మాయి బతుకు. ఆ నిలబడే సమయాన్ని మీరు దూకించేస్తే ఇక మిగిలేది నాలుగు లైన్ల కథ. ఆ పాత్ర వేసిన అర్చన ఎంత తక్కువ మాట్లాడుతుందో, ఎంత చెబుతుందో చూడాలంటే ఆమెతోపాటు మీరూ ఆగాలి. నా లెక్కలో తెలంగాణ మీద వచ్చిన సినిమాల్లో దీన్ని మించింది లేదు. మా చుట్టుపక్కల ఊళ్లల్లో కూలిన గడీల గోడలు ఇంకా ఉన్నాయి, వాటి పక్కనుంచి బైక్ మీద పోయేటప్పుడు నాకు ఈ సినిమానే యాదికొస్తుంది.

స్లో అనే మాట వాడాలనిపిస్తే ఎక్కడ స్లో అన్నది చెప్పగలగాలి. మా బావకూ నాకూ జరిగే ముచ్చట ఇట్లా ఉంటుంది:

"ఏమున్నది బామ్మర్దీ ఇండ్ల, అంతా స్లో."

"ఏడ స్లో అనిపిచ్చింది బావా?"

"గా గడీల సీన్లన్నీ."

"నువ్వు అప్పుడు ప్లాటు రిజిస్ట్రేషన్ గురించి ఫోన్ల మాట్లాడుతున్నవు కదనే."

ఫోన్ వేరే గదిలో పెట్టమని అందరూ చెప్పేదే, నేను దాన్ని రెండు ముక్కల్లో వదిలేస్తాను: కనీసం మొదటి అరగంట పెట్టండి. మనుషులు ఎవరు, ఎవరికి ఏమవుతారు అన్నది అక్కడే తెలుస్తుంది. అది పోతే తర్వాత రెండు గంటలు "వీడెవడు?" అని పక్కవాళ్లను సతాయిస్తారు.

ఎవరితో కలిసి చూడాలి అన్నది నా దృష్టిలో టీవీ సెట్టింగుల కంటే పెద్ద విషయం. 2023లో బలగం వచ్చినప్పుడు ఊళ్లల్లో తెరలు కట్టి, చాపలు పరుచుకొని కలిసి చూశారు. ఆ సినిమాను ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని ఒక్కరే ఫోన్‌లో చూస్తే "చావు ఇల్లు చూపించాడు, అంతే" అనిపించే ప్రమాదం ఉంది. అలిగిన మేనత్తనో, మాట్లాడని చిన్నాయననో పక్కన కూర్చోబెట్టుకొని చూడండి. చనిపోయిన మనిషి పేరిట పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టకపోతే పక్కన పెద్దవాళ్ల ముఖాల్లో వచ్చే భయం సినిమాలో సగం. మటన్ కూరలో నల్లి బొక్క దగ్గర మొదలైన అలక ఏళ్లకేళ్లు నడవడం మనకు వింత కాదు, నవ్వొస్తుంది, ఆ తర్వాత కొంచెం సిగ్గూ వేస్తుంది. చివర్లో మన దుగ్గొండి కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాట అందుకుంటే ఇంట్లో ఎవరూ ఎవరి వైపూ చూడరు. అంత గట్టి పంచాయితీ ఒక్క పాటతో కరిగిపోవడం కథగా నాకు కొంచెం తొందర అనిపించింది, ఇప్పటికీ అదే అంటాను. పాట మొదలైనప్పుడు మాత్రం ఈ తర్కం గుర్తుకు రాదు. ఇంకోటి, యాప్‌లో తర్వాతి వీడియో తనంతట తాను మొదలయ్యే సెట్టింగు ఆపేసుకోండి. కళ్లు తుడుచుకునే లోపు ఎవరో కామెడీ ట్రైలర్‌లో అరుస్తుంటే చాలా కోపమొస్తుంది.

థియేటర్ కంటే ఇంట్లోనే బాగా పనిచేసే సినిమాలూ ఉన్నాయి. 2021లో మలయాళంలో వచ్చిన ది గ్రేట్ ఇండియన్ కిచెన్ అసలు ఓటీటీలోనే విడుదలైంది. తరగడం, రుబ్బడం, పోపు, గిన్నెలు తోమడం, నిండిన సింకు, ఈ చప్పుళ్లే దాదాపు సంగీతం. మన వంటింట్లోంచి కూడా అవే చప్పుళ్లు వస్తుంటే ఏది సినిమాదో ఏది ఇంటిదో తెలియదు. దీనికి ఒకటే షరతు, ఇంట్లో రోజూ వండే మనిషి ఆ రెండు గంటలు మీ పక్కన కూర్చొని చూడాలి. ఆరోజుకు బయటి నుంచి తెప్పించుకోండి, లేదా మధ్యాహ్నం అన్నంతో సర్దుకోండి. ఆమె వంటగదిలో ఉండగా మీరు హాల్లో కూర్చొని ఈ సినిమా ఎంత గొప్పదో ఉపన్యాసం ఇస్తే దానికంటే ఘోరం లేదు. చివర డాన్సు భాగం నాకు అవసరం అనిపించలేదు, మా ఇంట్లో ఆడవాళ్లు మాత్రం అది ఉండాల్సిందేనని గట్టిగా వాదించారు. డబ్బింగ్ కంటే మలయాళంలోనే సబ్‌టైటిల్స్‌తో చూడటం నాకిష్టం, కానీ చదవలేని పెద్దవాళ్లు కూర్చుంటే తెలుగు ఆడియో ఉందేమో చూడండి, వాళ్లను వదిలేసి చూడటం కంటే అదే నయం.

పెద్ద తెర సినిమాలను ఇంట్లో చూసి తీర్పు చెప్పేటప్పుడు జర ఆగాలి. ఆర్ఆర్ఆర్ ఇంటర్వెల్‌లో జంతువులు దూకే సీను 43 అంగుళాల్లో చూసి ఓవర్ అనడం న్యాయం కాదు. కానీ ఇంట్లో వేరే లాభం ఉంది, పాజ్ చేసి చూడొచ్చు. వంతెన మీద ఒకడు, కింద ఇంకొకడు, ముఖ పరిచయం కూడా లేదు, చేతి సైగలతోనే ప్లాన్ వేసుకొని నదిలోని పిల్లవాడిని కాపాడతారు. ఎవరు ఎక్కడున్నారో, ఎటు పోవాలో ఒక్క మాట లేకుండా మనకు తెలిసేలా తీశారు. ఆ సినిమాలో నాటు నాటు కంటే నాకు అదే ఎక్కువ నచ్చింది.

అయిపోయాక వెంటనే రేటింగులు, యూట్యూబ్ రివ్యూలు తెరవకండి. తెరిచారా, ఇగ మీ నోట్లోంచి వాళ్ల మాటలే వస్తాయి. మీకు గుర్తున్న సీను ఒకటి, బోర్ కొట్టిన చోటు ఒకటి, నమ్మబుద్ధి కాని విషయం ఒకటి, ఫోన్‌లో నోట్‌గా రాసుకోండి. స్క్రీన్‌ప్లే గ్రిప్పింగ్ లాంటి అరువు మాటలు వద్దు. తెల్లారి మళ్లీ చూసుకుంటే రాత్రి రాసిన కోపంలో ఎంత నిద్రదో, ఎంత సినిమాదో తెలుస్తుంది. ఐదుకు ఇన్ని స్టార్లు అనే లెక్క నేను పెట్టను, మాయాబజార్‌కూ దాసికీ ఒకే కొలబద్ద ఏంది?

మన ఊరివాడు, మన యాస అని మార్కులు కలపడం కూడా మానుకోవాలి, ఇది నాకూ కష్టమే. డైరెక్టర్ సందీప్ రెడ్డి వంగా మన వరంగల్ మనిషి, 2017లో ఆయన తీసిన అర్జున్ రెడ్డి వచ్చినప్పుడు ఇక్కడ దాన్ని ఒక్క మాట అననిచ్చేవాళ్లు కాదు. మూడు గంటల సినిమాను బిగువు తగ్గకుండా నడిపించాడు, నానమ్మ పాత్ర బాగుంటుంది, ఇవి ఒప్పుకుంటాను. కానీ హీరోయిన్‌కు ఏమనిపిస్తుందో తెలియకుండానే సినిమా సగం గడుస్తుంది, హీరో నిర్ణయం చెప్పేస్తాడు, ఆమె వింటుంది. ఇది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అదే 2019లో వచ్చిన మల్లేశం చూడండి, ఒక్క పట్టుచీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పడానికి, మల్లేశం తల్లి చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆమె భుజం నొప్పి మీదనే కథ మొత్తం నిలబడింది. ఆ పని చేయడానికి కొడుకు తయారుచేసే మిషన్ ఫెయిలవడం, మళ్లీ కట్టడం అనే భాగాలు ముందే ఊహించేలా ఉంటాయి, కానీ ఆ తల్లి నటన ముందు అవి చిన్నవి. దీన్ని ఇంట్లో చూసేటప్పుడు కుట్టుమిషన్ తొక్కిన అమ్మలో, బీడీలు చుట్టిన అత్తమ్మలో ఎవరైనా ఉంటే వాళ్లకు మంచి కుర్చీ ఇచ్చి, సినిమా ఎట్లుందో ముందు వాళ్లనే అడగండి.