ఇన్సులిన్ వేస్తున్నా పిల్లికి షుగర్ దిగట్లేదా? ముందు ఇవి చూడండి

పూటకో సూది వేస్తూనే ఉన్నారు. అయినా పిల్లి నీళ్లగిన్నె ఖాళీ చేసేస్తోంది, లిట్టర్ ట్రేలో మూత్రం గడ్డలు పెద్దవవుతున్నాయి, మీటరు 300 పైనే చూపిస్తోంది. డోసు పెంచేద్దామని చెయ్యి లాగుతుంది. ఆగండి. డోసు మార్చడం డాక్టర్ పని, మిగతావి మీరు చూడొచ్చు.

సీసా, సిరంజి

నన్నడిగితే మొదటి అనుమానం దీనిమీదే. మన మెడికల్ షాపుల్లో ఎర్ర మూత సిరంజి మి.లీ.కి 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజ మూతది 100 యూనిట్లదానికి. పిల్లులకు తరచుగా రాసే గ్లార్జిన్ (లాంటస్) 100ది. పశువుల కోసం వచ్చే కానిన్సులిన్ 40ది. 40 సీసాలోంచి నారింజ సిరంజితో 2 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 0.8 యూనిట్లే, ఇక షుగర్ ఎలా దిగుతుంది? అదే 100 సీసాలోంచి ఎర్ర సిరంజితో 2 గీత దాకా లాగారా, 5 యూనిట్లు వెళ్లి ప్రాణం మీదికొస్తుంది. రెండింటి మీదా అంకె ఒకటేనా చూసుకోండి.

గ్లార్జిన్ నీళ్లలా తేటగా ఉండాలి. మబ్బుగా మారినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టినా పారేయండి. సూది వేశాక బొచ్చు తడిగా తగిలితే మందు బయటే పోయినట్టు. అనుమానమొచ్చిందని రెండోసారి మాత్రం వేయొద్దు.

ఆసుపత్రిలోనే ఎక్కువ వస్తోందా?

భయపడినా పిల్లికి షుగర్ పెరుగుతుంది. ఇంట్లో చెవి అంచున చిన్న చుక్క తీసి చూడండి, లేదా గత రెండు మూడు వారాల సగటు షుగర్ చెప్పే ఫ్రక్టోసమైన్ రక్తపరీక్ష అడగండి. మనుషుల మీటరు పిల్లి రక్తానికి తరచుగా అసలుకంటే తక్కువ చూపిస్తుంది, అందుకే ఎప్పుడూ ఒకే మీటరు వాడండి.

తిండి

పెరుగన్నం, పాలన్నం, పిండిపదార్థం ఎక్కువున్న డ్రై ఫుడ్ ఆపి, మాంసకృత్తులు ఎక్కువున్న వెట్ ఫుడ్‌కి మెల్లగా మార్చాలి. ఇక్కడో మెలిక ఉంది: తిండి మారితే ఇన్సులిన్ అవసరం బాగా తగ్గిపోవచ్చు. డాక్టర్‌కి చెప్పకుండా మార్చారో, పాత డోసే ఎక్కువైపోతుంది. లావు పిల్లిని పస్తు పెట్టొద్దు, కాలేయం దెబ్బతింటుంది.

దురద ఇంజెక్షన్, నోటి పుండు

దురదకో, చిగుళ్ల వాపుకో స్టెరాయిడ్ ఇచ్చారా? ఒంట్లో మెల్లగా కరిగే మిథైల్‌ప్రెడ్నిసోలోన్ డిపో (స్టెరాయిడ్) సూది వారాల తరబడి ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు. చొంగ, నోటి వాసన, మాటిమాటికీ మూత్రం ఉంటే పళ్లు, మూత్రం కల్చర్ (ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే) పరీక్ష చేయించండి. పాంక్రియాస్ వాపు, థైరాయిడ్ కూడా ఇంతే. కారణాన్ని తగ్గిస్తే చాలాసార్లు డోసు దానంతటదే దారికొస్తుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నా దిగట్లేదా?

పూటకు కిలో బరువుకి 1.5–2 యూనిట్లు దాటినా ఫలితం లేకపోతే అసలైన ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒళ్లు ఇన్సులిన్‌కి లొంగకపోవడం) అనుకోవాలి. షుగర్ అదుపులో లేని పిల్లి చిక్కిపోవాలి. అలాంటిది బరువెక్కుతూ, మూతి వెడల్పై, కింది దవడ ముందుకొచ్చి, పాదాలు పెద్దవవుతుంటే అక్రోమెగలీ: మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథిలోని గడ్డ నుంచి గ్రోత్ హార్మోన్ పొంగిపొర్లుతోంది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైందేమో పరోక్షంగా చెప్పే ఐజీఎఫ్-1 రక్తపరీక్ష చేస్తారు. ఇన్సులిన్ మొదలైన కొత్తలో ఇది తక్కువ చూపించవచ్చు కాబట్టి కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తారు. గడ్డకు రేడియేషన్ లేదా ఆపరేషన్ ఉంది, అవి అందుబాటులో లేనప్పుడు కొన్ని పిల్లులకు కేబర్గోలిన్ అనే మందు పనికొస్తుంది. చర్మం పట్టుకుంటే చిరిగేంత పలచనైతే కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) కోసం చూడాలి.

ఎప్పుడు పరుగెత్తాలి

తూలడం, వణుకు, ఫిట్స్ వస్తే షుగర్ పడిపోయినట్టు. చిగుళ్లకు గ్లూకోజ్ నీళ్లో తేనో రాసి, తరవాతి సూది ఆపి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. తిండి మానేసి వాంతులు చేసుకుంటూ మూలన పడుంటే కీటోన్లు (ఇన్సులిన్ చాలక కొవ్వు కరిగి పుట్టే ఆమ్లాలు) పెరిగి ఉండొచ్చు. తెల్లారేదాకా చూడొద్దు, ఆ రాత్రే తీసుకెళ్లండి.