నడి ఎండలో పోర్ట్రెయిట్‌కు హై-స్పీడ్ సింక్ ఫ్లాష్ వాడే పద్ధతి

మధ్యాహ్నపు ఎండలో మనిషిని నిలబెట్టి ఫొటో తీయడంలోని ఇబ్బంది కెమెరా పట్టిన ప్రతివారికీ అనుభవమే. సూర్యుడు ఎదురుగా ఉంటే కళ్లు చికిలిస్తారు, కనుబొమల కిందా ముక్కు కిందా గట్టి నీడలు పడతాయి. సూర్యుడు వీపు వెనక ఉంటే జుట్టు అంచులు అందంగా మెరుస్తాయి గాని ముఖం చీకటిపడుతుంది. ముఖానికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) పెంచితే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. సూర్యుణ్ణి వెనకే ఉంచి, ముఖం మీదికి ఫ్లాష్ వెలుగు పంపడం దీనికి మంచి మార్గం. అయితే వెనకటి దృశ్యాన్ని మసకబరచడానికి అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రాన్ని; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ అది పెద్దది) ఎఫ్/2.8 వరకు తెరవాలనుకుంటే, వెలుగు ఎక్కువై షటర్ వేగం బాగా పెంచాల్సి వస్తుంది; ఆ వేగంలో మామూలు ఫ్లాష్‌తో పని జరగదు. హై-స్పీడ్ సింక్ అవసరం అక్కడ మొదలవుతుంది.

చాలా కెమెరాల షటర్‌లో రెండు తెరలుంటాయి. మొదటి తెర జరిగి సెన్సర్‌ను తెరుస్తుంది, రెండోది దాని వెనకే వచ్చి మూస్తుంది. సెకనులో 200వ వంతు లేదా 250వ వంతు వరకు సెన్సర్ మొత్తం ఒక క్షణంపాటు పూర్తిగా తెరుచుకొని ఉంటుంది, ఫ్లాష్ ఆ క్షణంలో మెరుస్తుంది. ఈ హద్దునే సింక్ స్పీడ్ అంటారు. అంతకు మించి వేగం పెంచితే మొదటి తెర చివరికి చేరకముందే రెండోది బయలుదేరుతుంది కాబట్టి, సెన్సర్ మీదుగా ఒక చీలిక మాత్రమే జారిపోతుంది. ఒక్కసారే మెరిసే ఫ్లాష్ అప్పుడు ఫ్రేములో కొంత భాగానికే అందుతుంది. హై-స్పీడ్ సింక్‌లో ఫ్లాష్ ఒక్క పెద్ద మెరుపుగా కాక, చీలిక ఈ కొస నుంచి ఆ కొసకు చేరేదాకా అతి వేగంగా చిన్న చిన్న మెరుపులను కురిపిస్తూ, సెన్సర్‌కు దాదాపు నిలకడగా వెలిగే దీపంలా పనిచేస్తుంది. ఒలింపస్ సంస్థ 1986లో ఎఫ్280 ఫ్లాష్‌తో తెచ్చిన ఈ పద్ధతి నేడు దాదాపు అన్ని కంపెనీల ఫ్లాష్‌లలోనూ ఉంది. నికాన్ దీన్ని ఆటో ఎఫ్‌పీ అని పిలుస్తుంది.

ఇది ఇచ్చేదేమిటి, తీసుకునేదేమిటి

హై-స్పీడ్ సింక్ ఉంటే ఎండను ఫ్లాష్‌తో జయించవచ్చని చాలామంది అనుకుంటారు. ఈ పొరపాటును ముందే తొలగించుకోకపోతే తర్వాత చేసే ప్రతి సర్దుబాటూ తప్పుదారి పడుతుంది. నిజానికి ఈ పద్ధతిలో ఫ్లాష్ బలం తగ్గుతుందే తప్ప పెరగదు.

లెక్క వేసి చూద్దాం. మబ్బులేని ఎండలో ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ స్పందించే స్థాయి) 100 దగ్గర ఎఫ్/16, సెకనులో 100వ వంతు సరైన ఎక్స్‌పోజర్ అన్నది పాత సూత్రం. దాని ప్రకారం 200వ వంతు దగ్గర ఎఫ్/11 సరిపోతుంది, ఎఫ్/2.8 కావాలంటే 3200వ వంతు పెట్టాలి. మీటర్లలో గైడ్ నంబర్ (వెలుగు చేరే దూరాన్ని ఎఫ్ అంకెతో గుణించిన విలువ) 36 ఉన్న చిన్న ఫ్లాష్‌ను మామూలు పద్ధతిలో పూర్తి బలంతో వెలిగిస్తే, ఎఫ్/11 దగ్గర సుమారు 3.3 మీటర్ల దూరం వరకు ముఖానికి సరిపడా వెలుగు అందుతుంది. హై-స్పీడ్ సింక్‌లోకి మారగానే దాదాపు రెండు స్టాపుల బలం (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది) పోతుంది, అంటే అదే ఫ్లాష్ 1.6 మీటర్ల వరకే సరిపోతుంది. ఆ తర్వాత షటర్ వేగాన్ని రెట్టింపు చేసినప్పుడల్లా ఎండతోపాటు ఫ్లాష్ వెలుగు కూడా సగమవుతుంది. అపర్చర్ తెరిచినప్పుడు రెండూ కలిసే పెరుగుతాయి. కాబట్టి హై-స్పీడ్ సింక్‌లో షటర్‌నూ అపర్చర్‌నూ ఎటు జరిపినా ఎండకూ ఫ్లాష్‌కూ మధ్య నిష్పత్తి మారదు. దాన్ని మార్చగలిగినవి రెండే: ఫ్లాష్ బలం, ఫ్లాష్ దూరం. పెద్ద అపర్చర్ కోసం చెల్లించే మూల్యంగా ఆ రెండు స్టాపులను లెక్కలో రాసుకోవాలి.

పని జరిపే క్రమం

ముందుగా ఫ్లాష్, దాన్ని కెమెరా నుంచి వెలిగించే ట్రిగ్గర్ రెండూ హై-స్పీడ్ సింక్‌కు పనికివస్తాయో లేదో, మీ కెమెరా కంపెనీకి సరిపడేవో కాదో నిర్ధారించుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త మరచినందుకు నేను ఒక మధ్యాహ్నం తీసిన ఫొటోలన్నీ పాడయ్యాయి. నాటి ట్రిగ్గర్ సాధారణ సంకేతాన్ని మాత్రమే పంపేది. అడ్డంగా పట్టి తీసిన ప్రతి ఫ్రేములో నుదురు, కళ్లు కాంతిగా ఉన్నాయి గాని గడ్డం దగ్గర నుంచి కింది భాగమంతా ఫ్లాష్ తగలక నీడగా మిగిలింది. ఎండలో కెమెరా తెర మీద అది మెడ నీడలాగే కనిపించడంతో ఇంటికి వచ్చేదాకా గుర్తించలేకపోయాను. అప్పటి నుంచి, మొదటి ఫొటోను నీడలోకి తీసుకెళ్లి పెద్దది చేసి చూడనిదే రెండోది తీయను.

కెమెరాను మాన్యువల్ మోడ్‌లో, షటర్‌ను మెకానికల్ పద్ధతిలో ఉంచాలి. ఎలక్ట్రానిక్ షటర్‌తో చాలా కెమెరాల్లో ఫ్లాష్ అసలు వెలగదు. ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ (మొదటి తెర పనిని సెన్సరే చేసే పద్ధతి) వాడితే, వేగం బాగా పెరిగి అపర్చర్ బాగా తెరిచి ఉన్నప్పుడు, వెనక మసకగా కనిపించే వెలుగు వలయాలు అంచున కోసినట్లు తయారవుతాయి. కొన్ని నికాన్ కెమెరాల మెనూలో ఫ్లాష్ సింక్ స్పీడ్ దగ్గర ఆటో ఎఫ్‌పీ అని ఎంచుకోవాలి. మరికొన్ని కంపెనీల ఫ్లాష్‌ల మీదే మెరుపు గుర్తు పక్కన హెచ్ అక్షరం కనిపించేదాకా బటన్ నొక్కాలి.

ఇప్పుడు ఫ్లాష్ ఆపి, వెనకటి దృశ్యానికి మాత్రమే ఎక్స్‌పోజర్ కుదర్చాలి. ఐఎస్ఓను వీలైనంత తక్కువగా, అపర్చర్‌ను మీరు కోరుకున్న విలువలో ఉంచి, ఆకాశపు నీలం, ఆకుల పచ్చదనం నిండుగా కనిపించేదాకా షటర్ వేగం పెంచుతూ పోవాలి. మీటర్ చూపినదానికన్నా ఒక స్టాప్ దాకా తగ్గించడం నాకు నచ్చుతుంది; అంతకు మించితే మనిషిని అతికించినట్లు కనిపిస్తుంది. ఈ దశలో ముఖం నల్లగా ఉంటే కంగారు పడనక్కరలేదు.

తర్వాత ఫ్లాష్‌ను స్టాండ్ మీద, కెమెరాకు పక్కగా సుమారు 45 డిగ్రీల కోణంలో, కంటి ఎత్తుకు కాస్త పైన పెట్టి ఫ్రేములోకి రానంత మేర దగ్గరికి తేవాలి. ఈ పద్ధతిలో దగ్గరితనాన్ని మించిన సాయం లేదు: దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లవుతుంది, అంటే పోగొట్టుకున్న రెండు స్టాపులూ తిరిగొస్తాయి. సాఫ్ట్‌బాక్స్ (వెలుగును పరిచే గుడ్డ పెట్టె) తొడిగితే వెలుగు మృదువవుతుంది గాని ఒకటి రెండు స్టాపులు అది కూడా తినేస్తుంది. చిన్న ఫ్లాష్‌తో అప్పుడు ఒక మీటరు లోపలే ఉండాల్సి రావచ్చు. గాలి వీచే చోట స్టాండ్ కాళ్ల మీద ఇసుక సంచి వేయడం తప్పనిసరి.

ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పావు బలంతో మొదలుపెట్టి, ఒక్కో స్టాప్ పెంచుతూ చెంప మీద చర్మపు రంగును గమనించండి. నుదుటి మీద తెల్లటి మెరుపు పుట్టిందంటే ఎక్కువైంది. కంటిపాప పైభాగంలో, ఫ్లాష్ ఉన్న వైపు, చిన్న వెలుగు చుక్క కనిపించాలి. అది కనుబొమ కిందికి దాగిపోతే దీపాన్ని కొంచెం దించండి. బొమ్మలో ముందుగా ప్రాణం పోసేది ఆ చుక్కేనని నా నమ్మకం.

పూర్తి బలంతో వరసగా పది పదిహేను సార్లు వెలిగిస్తే ఫ్లాష్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. సగం బలానికి మించకుండా పని నడిచేలా దూరాన్ని సర్దుకోవాలి, బ్యాటరీలు మరో సెట్ సిద్ధంగా ఉంచుకోవాలి.

బలం చాలని సందర్భంలో మరో దారి ఉంది. లోపలికి వెళ్లే వెలుగును తగ్గించే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్‌ను లెన్స్ ముందు బిగిస్తే ఎఫ్/2.8 దగ్గరే షటర్ 200వ వంతుకు దిగివస్తుంది, ఫ్లాష్ మామూలు పద్ధతిలో తన పూర్తి బలంతో వెలుగుతుంది. ఫిల్టర్ చీకటిలో ఫోకస్ కాస్త తడబడవచ్చు, ఒక్కోసారి రంగు కొద్దిగా మారవచ్చు. నిశ్చలంగా కూర్చున్నవారికి నేను ఫిల్టర్‌నే ఎంచుకుంటాను. పరుగెత్తే పిల్లలకు, ఎగిరే జుట్టుకు 3200వ వంతు షటరే కావాలి, ఎందుకంటే హై-స్పీడ్ సింక్‌లో కదలికను నిలిపేది ఫ్లాష్ కాదు, షటర్. సోనీ సంస్థ 2023లో ప్రకటించిన ఏ9 మూడవ తరం కెమెరాలోలాగా సెన్సర్ అంతా ఒకేసారి వెలుగును నమోదు చేసే గ్లోబల్ షటర్ ఉన్నవారికి సింక్ స్పీడ్ హద్దు దాదాపు ఉండదు.

సాయంత్రమయ్యేకొద్దీ షటర్ వేగాన్ని దించుతూ వస్తారు. 320వ వంతు నుంచి 200వ వంతుకు దిగిన క్షణాన కెమెరా హై-స్పీడ్ సింక్‌ను వదిలి మామూలు పద్ధతిలోకి వస్తుంది, మాన్యువల్‌లో ఉన్న ఫ్లాష్ ఒక్కసారిగా రెండు స్టాపులకు పైగా ప్రకాశవంతమై ముఖాన్ని తెల్లబరుస్తుంది. ఆ గీత దాటేముందే ఫ్లాష్ బలాన్ని రెండు స్టాపులు తగ్గించి, వాలుతున్న ఎండ రంగుకు కలిసేలా దీపం మీద లేత నారింజ జెల్ (పారదర్శకమైన రంగు పొర) అంటించుకోండి.